ఇంటి బండి: గీతకంటె తడి చెడ్డది



పాత్రలు, పచ్చళ్లు, పట్టుచీరల సంరక్షణము వంటి విషయములు వ్రాయదగిన ఈ శీర్షికలో మేము పికప్పు బండిని గూర్చి వ్రాయబూనుట చూచి కొందఱు నవ్వవచ్చును. బండి మగవారి సొత్తు, దాని మంచిచెడ్డలు వారే చూచుకొందురు, మనకేమి పని యని యడుగవచ్చును. కాని మా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో నేడు పాడిపశువు వలెనే చిన్న సరకుల బండియు నెన్నియో సంసారములను పోషించుచున్నది. 2005వ సంవత్సరమున టాటా ఏస్ వచ్చినది మొదలు, ఎద్దులబండి నిలుచు వాకిట నిట్టి బండి నిలుచుట సామాన్యమైనది. దాని కంతు కట్టవలసిన తేది మగవానికంటె ఇల్లాలికే ఎక్కువ జ్ఞాపకముండును. కావున దాని యోగక్షేమములు గృహవిషయములు కావనుట పొరపాటు.

బండిలో ఇంజనుకు నూనె, చక్రములకు గాలి చూచువారు కలరు. సరకు నింపు వెనుకభాగమును మాత్రము చూచువారు లేరు. దానినే బండివారు బాడీ యందురు. సంపాదించునది అదియే, దెబ్బలు తినునదియు అదియే. పులివెందుల తోటలనుండి అరటిగెలలు, చీనీకాయలు ఎత్తిన బండియే మఱునాడు యెఱ్ఱగుంట్ల వైపునుండి కడప నాపరాళ్లు, సిమెంటు బస్తాలు మోయును. ఆ మఱునాడు ఎరువుల మూటలు మోయును. గెలలకు తడి, రాళ్లకు పదును, ఎరువులకు ఉప్పు. ఈ మూడును ఒక్క రేకు మీదనే పడుచున్నవి.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పుకొందుము. కొన్నియేండ్ల క్రిందట మా మఱిది పులివెందులలో అరటిగెలలు తోలుటకై కంతుల మీద పికప్పు బండి కొనెను. మా తోటికోడలు దానికి పసుపు కుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు త్రొక్కించి, మావంక తిరిగి, “అక్కా, అడుగంతా అద్దం మాదిరి మెరుస్తాంది. గీతలు పడకుండా ఏం చేయాల?” అని యడిగెను. మేము పెద్దఱికము వహించి, మా యింటనున్న పాత జంపఖానా నిచ్చి, దాని క్రింద గోనెసంచులు మందముగా పఱపింపుమంటిమి. ఆమె అట్లే చేసెను. చూచినవారు మెచ్చిరి. మేమును లోలోన గర్వించితిమి.

రెండు వానకాలములు గడచెను. పచ్చిగెలల నుండి కాఱిన జిగురు, ఆశ్వయుజ కార్తికముల వాననీరు గోనెలలో నింకి అందే నిలిచెను. పైన జంపఖానా ఎండి బాగుగానే కనబడుచుండెడిది. దానిని ఎత్తి చూడవలెనని ఎవ్వరికిని తోచలేదు. సంక్రాంతికి బండి కడుగబోయి గోనెలు లాగగా వానితో కూడ తుప్పు పొరలుపొరలుగా లేచి వచ్చెను. మూలలయందు వ్రేలు దూఱు రంధ్రములు పడియుండెను. “గీతలు పడలేదక్కా, రేకే పోయింది” అని మా తోటికోడలు మెల్లగా అనెను. అంతకుమించి ఒక్కమాటయు అనలేదు.

క్రొత్త రేకు వేయించుటకు బండి పదిదినములు వెల్డింగు షెడ్డులో నిలిచెను. బండి నిలిచినను కంతు నిలువదు గదా! ఆమె తన చేతి గాజులు తీసి తాకట్టు పెట్టెను. అవి విడిపించునంతవఱకు మేమామె చేతులవంక చూడలేకపోతిమి.

గాంధారి తన చూపుచేత కుమారుని దేహమును వజ్రముగా చేసెననియు, అతడు వస్త్రము కట్టుకొన్న తొడభాగము మాత్రమే మెత్తగా మిగిలి, అచ్చటనే గదదెబ్బ తగిలెననియు లోకమున నొక కథ చెప్పుకొందురు. మా జంపఖానాయు అట్టి వస్త్రమే. కప్పిన చోటనే చేటు వచ్చెను.

కారణమును విచారింతము. ఇనుము, నీరు, గాలి యీ మూడును కలిసినచో తుప్పు పుట్టును. ఉప్పు చేరినచో త్వరపడును. పొటాషు వంటి ఎరువులు లవణములే గనుక చినిగిన మూటనుండి రాలిన గుప్పెడు చాలును. రంగు ఈ మూడింటిని కలియనీయక అడ్డుపడు గోడ. గీత పడుట యనగా గోడకు కన్నము పడుట. కాని ఆ కన్నము ఎండకు ఆరుచున్నంతకాలము తుప్పు మెల్లగా నడచును. తడిగోనె క్రింద నున్నచో రేయింబవళ్లు పనిచేయును. రంగు క్రిందుగా ప్రాకి, పైకి బుడగవలె ఉబ్బి కనబడునప్పటికి లోపల చాలవఱకు తినివేసియుండును.

ఇందొక విశేషము కలదు. జింకు పూసిన రేకు బక్కెటకు గీత పడినను అచ్చట వెంటనే తుప్పు పట్టదు. ఏలయన జింకు ముందుగా తాను క్షయించి ఇనుమును కాపాడును. తగరము పూసిన డబ్బా అట్లు కాదు. గీత పడిన చోట దాని ఇనుము మఱింత త్వరగా చెడును. రంగు మాత్రమే పూసిన రేకునకు జింకు వంటి తోడు లేదు. కావున దాని గీతను ఆనాడే చూచుకొనవలయును.

ఇక చేయవలసిన పనులు.

మొదటిది ఊడ్చుట. రాళ్లు దింపిన పిమ్మట మిగిలిన యిసుక, రాతిపొడి మీద మఱొక బరువు లాగినచో అది ఉప్పుకాగితము వలె రంగును గీచివేయును. ప్రతిదినము పొరకతో ఊడ్పింపుడు. సిమెంటు దుమ్మును తడి తగులకముందే ఊడ్వవలయును; తడిసినచో గట్టిపడును. ఎరువులు గాని, అరటిగెలలు గాని దింపిన దినమున మంచినీటితో కడిగి, వెనుకతలుపు తెఱచి, ఎండలో నిలుపుడు. మూలలయందు నీరు పోవుటకై యుంచిన రంధ్రములను పుల్లతో శుభ్రపఱుపుడు. ఆకులు, అరటినార అందే చేరును.

రెండవది గీతలకు మందు. చోటు కడిగి, ఆరనిచ్చి, తళతళలాడు ఇనుము కనబడువఱకు ఉప్పుకాగితముతో రుద్ది, రెడ్ ఆక్సైడు ప్రైమరు పూసి, అది ఆరిన తరువాత రంగు వేయవలయును. తుప్పు మీదనే రంగు వేయుట మురికి తలకు నూనె రాచినట్లుండును.

మూడవది పఱపు. వస్త్రములు, గోనెలు, గడ్డి వలదు. నీరు పీల్చని రబ్బరు చాప మేలు. అడుగున గాళ్లుండి గాలి యాడునది మఱింత మేలు. ఆఱు మిల్లీమీటర్ల మందముగల చాప బండి అడుగంతటికి సుమారు 30 మొదలు 40 కిలోలు తూగును. కొందఱు మూడు మిల్లీమీటర్ల ఇనుప రేకును పైన అతికింతురు. అది సుమారు 100 కిలోలు తూగును. అనగా ప్రతిసారియు రెండు బస్తాల బరువును కూలి లేక మోయుటయే. పైగా రెండు రేకుల నడుమ దూఱిన నీటిని ఎవ్వరును చూడజాలరు. అది మా జంపఖానాకు అక్కవంటిది.

కొలతకు చేసిన ప్లాస్టిక్ తొడుగులు, రేకునకే అంటుకొనునట్లు చిమ్ము పాలీయూరియా పూతలు నేడు దొరకుచున్నవి. మన రాష్ట్రమున శ్రీసిటీలో 2016 మొదలు తయారగుచున్న ఇసుజు వంటి పెద్ద పికప్పులవారు వీనిని ఎక్కువగా వేయింతురు. అంటుకొను పూత క్రింద నీరు దూఱదు గనుక అది మంచిదే. కాని రేకును తుప్పు లేకుండ శుభ్రపఱచి, గరుకుచేసి, పిమ్మటనే వేయవలయును. లేనిచో తుప్పును దాచి పెంచినట్లగును. తొడుగు వేసినచో దానిని అప్పుడప్పుడు విప్పి చూడవలయును.

నాలుగవది ఎత్తుట, దింపుట. నాపరాళ్లను అడుగున కొయ్యపట్టెలు వేసి, అంచుమీద నిలిపి, కదలకుండ త్రాళ్లతో బిగించవలయును. పండ్ల పెట్టెలను ఈడ్వరాదు, ఎత్తి పెట్టవలయును. కూలివారిపై కోపపడుటకంటె రెండు పట్టెలు బండిలో నుంచుట మేలు.

ఇందులో ఇల్లాలి పని యేమి యందురా? చాప ఎత్తి చూచుటయే. మగవారు అలసి వత్తురు. పైకి బాగుగానున్నదానిని ఎత్తి చూడ వారికి తోచదు. శుక్రవారము గడప కడుగునపుడే చాప నొక మూలనుండి తీయించి, ఎండకు వేయించి, అడుగు చూచి, ఎక్కడ గీత పడెనో పద్దుపుస్తకమున వ్రాసికొనుడు. ఒక గడియ పని.

మా తోటికోడలి గాజులు ఏడాదిలోగా చేతికి తిరిగివచ్చినవి. ఇప్పుడా బండిలో రబ్బరు చాప యున్నది. అడుగున గీతలు లేకపోలేదు. పనిచేయు బండికి గీతలుండును. వానిని చూచి ఆమె బాధపడదు. మొన్న పులివెందులకు పోయినపుడు ఆమె చాపను ఎత్తి, పొడిగానున్న అడుగును మాకు చూపి, గాజులు గలగలలాడ నవ్వెను. ఆ సవ్వడి వినిన తరువాతనే ఈ విషయము వ్రాయుటకు మాకు ధైర్యము కలిగినది.