మత్తిచ్చి మత్తు వదిలిస్తారా?

హెరాయిన్‌కి అలవాటుపడ్డ మనిషికి అనస్తీషియా ఇచ్చి పడుకోబెట్టి, నాల్ట్రెక్సోన్ లాంటి విరుగుడు మందులు ఎక్కించి, కొన్ని గంటల్లో అలవాటు వదిలించేస్తామనే క్లినిక్‌లు అమెరికాలో ఉన్నాయి. ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది.

మన ఇళ్లల్లో ఇది ఎందుకు నచ్చుతుందో చెప్పక్కర్లేదు. వీకెండ్‌లో అయిపోతుంది. ఇండియాలో ఉన్న అమ్మమ్మ, తాతయ్యలకు తెలియదు. రేపు పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ఎవరూ ఆ మాట ఎత్తరు. అప్పు చేసైనా కట్టేద్దాం అనిపిస్తుంది. నా ఉద్దేశంలో మనం కొనేది వైద్యం కాదు, గుట్టు.

మరి పని చేస్తుందా? కొలంబియా యూనివర్సిటీ డాక్టర్లు 106 మంది హెరాయిన్ బాధితులను మూడు గుంపులు చేసి చూశారు. ఫలితాలు 2005లో జామా పత్రికలో వచ్చాయి. అనస్తీషియాతో చేసినవాళ్లకూ మెలకువ వచ్చాక వాంతులు, ఒళ్లు నొప్పులు తప్పలేదు. బ్యుప్రెనార్ఫిన్ మందు తీసుకున్నవాళ్ల కన్నా బాధ తగ్గిందేమీ లేదు. 12 వారాల తర్వాత చికిత్సలో మిగిలింది అనస్తీషియా గుంపులో 35 మందిలో ఏడుగురు, బ్యుప్రెనార్ఫిన్ గుంపులో 37 మందిలో తొమ్మిది మంది. పైగా ప్రాణం మీదికి వచ్చిన మూడు సంఘటనలూ అనస్తీషియా గుంపులోనే. 2012లో న్యూయార్క్‌లోని ఒక్క క్లినిక్‌లో 75 మందికి ఇది చేస్తే ఇద్దరు చనిపోయారు, ఐదుగురు ఆసుపత్రి పాలయ్యారు. సీడీసీయే ఆ లెక్క ప్రచురించింది.

అసలు గండం ఇంటికొచ్చాక మొదలవుతుంది. మందు వదిలాక శరీరం తట్టుకునే శక్తి పడిపోతుంది. నెల తర్వాత మనసు లాగి, పాత మోతాదే మళ్లీ తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ఇప్పుడు వీధిలో దొరికే హెరాయిన్‌లో ఫెంటానిల్ కలుస్తోంది కాబట్టి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. "మా వాడు క్లీన్ అయిపోయాడు" అని ఊపిరి పీల్చుకునే ఆ కొన్ని వారాలే అన్నిటికన్నా ప్రమాదం.

బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి వాడాలి. ఒక మత్తుకు బదులు ఇంకో మత్తేగా అంటారు మనవాళ్లు. నాన్నగారు బీపీ మాత్ర ఇరవై ఏళ్లుగా వేసుకుంటే ఆ మాట అనం కదా! ఈ మందులు వాడుతున్నంత కాలం చావు ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది. బ్యుప్రెనార్ఫిన్ రాయడానికి డాక్టర్లకు ఒకప్పుడు ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చేది, 2023 నుంచి అది అక్కర్లేదు. మీ ఫ్యామిలీ డాక్టర్నే అడగొచ్చు. వ్యసన చికిత్స రికార్డులకు ఫెడరల్ చట్టంలో ప్రత్యేక రక్షణ ఉంది. వీసా గురించి బెంగ ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని విడిగా కలవండి, చికిత్స మాత్రం ఆపకండి.

నార్కాన్ స్ప్రే ఇప్పుడు ఫార్మసీలో ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతుంది. ఇంట్లో ఒకటి ఉంచుకోండి, ఎక్కడుందో అందరికీ చెప్పండి. స్ప్రే కొట్టాక కూడా 911కి ఫోన్ చేయాల్సిందే. చికిత్స ఎక్కడ దొరుకుతుందో తెలియకపోతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1-800-662-4357. ఉచితం, 24 గంటలూ పని చేస్తుంది, ఇంటిపేరు అడగరు.