అడిగించుకోని కానుక

డిసెంబరు వచ్చిందంటే మన జిల్లా పేజీల్లో ఒక ఫొటో తప్పదు. ఒక దుప్పటి, దాన్ని పట్టుకుని నిలబడ్డ పదిమంది దాతలు, వాళ్ల మధ్య కెమెరాను చూడాలో దుప్పటిని చూడాలో తెలియని ఒక ముసలమ్మ. కింద వ్యాఖ్యలో దాతల పేర్లన్నీ హోదాలతో సహా ఉంటాయి, ఆమె పేరు మాత్రం ఉండదు. క్రిస్మస్‌కు ముక్కూమొహం తెలియనివాళ్లకు చేసే చిన్న సాయాన్ని ఎవరూ తప్పుపట్టరు, పట్టకూడదు కూడా. కానీ చిన్న సాయానికి విలువ కట్టేటప్పుడు ఎంత ఇచ్చారని మాత్రమే చూస్తే చాలదు. తీసుకున్నవాళ్లు తల దించుకోవాల్సి వచ్చిందా లేదా అన్నది అంతకన్నా ముఖ్యం. ఆ లెక్కన చూస్తే, పేరూ ఫొటో లేకుండా అందే వంద రూపాయలు ఆ దుప్పటి కన్నా పెద్ద కానుక.

అమెరికాలోని కాన్సస్ సిటీ వ్యాపారి లారీ స్టీవర్ట్ జీవితం దీనికి మంచి సాక్ష్యం. 1971లో ఉద్యోగం పోయి, కారులోనే పడుకుంటూ, మిసిసిపీ రాష్ట్రంలోని హ్యూస్టన్ అనే ఊళ్లో ఒక చిన్న హోటల్‌కు వెళ్లాడు. కడుపునిండా తిన్నాక, బిల్లు కట్టే దారిలేక పర్సు పోయినట్టు నటించాడు. యజమాని టెడ్ హార్న్ నిలదీయలేదు, జాలీ చూపలేదు. కిందికి వంగి ఇరవై డాలర్ల నోటు నేల మీద దొరికినట్టు పైకి తీసి, ఇది నీ దగ్గర నుంచే పడిపోయి ఉంటుందని చేతిలో పెట్టాడు. స్టీవర్ట్ ఆ డబ్బుతోనే బిల్లు కట్టి, దర్జాగా బయటికి నడిచాడు. 1979 నుంచి ప్రతి క్రిస్మస్‌కూ పేరు చెప్పకుండా అపరిచితుల చేతుల్లో నోట్లు పెట్టడం మొదలుపెట్టాడు, తర్వాత కేబుల్ టీవీ, టెలిఫోన్ వ్యాపారాల్లో బాగా సంపాదించాడు. 26 ఏళ్లలో సుమారు 13 లక్షల డాలర్లు పంచాడు. క్యాన్సర్ ముదిరాక 2006లో గానీ ఆయన పేరు బయటపడలేదు, 2007 జనవరిలో కన్నుమూశాడు. ఆ హోటల్లో అతను నేర్చుకున్నది ఇరవై డాలర్లతో సరిపోయే పాఠం కాదు. హార్న్ అతన్ని అడుక్కునే అవసరం లేకుండా గట్టెక్కించాడు.

ఇలాంటివాళ్లు నూటికో కోటికో ఒక్కరు అనుకోనక్కర్లేదు. అమెరికా దుకాణాల్లో లేఅవే అనే పద్ధతి ఉండేది. నచ్చిన వస్తువును పక్కన పెట్టించి, వాయిదాల్లో డబ్బు కట్టి, చివరి వాయిదా అయ్యాక ఇంటికి తీసుకెళ్లాలి. గడువులోగా కట్టకపోతే వస్తువు మళ్లీ అరలోకి వెళ్తుంది. 2011 డిసెంబరులో కేమార్ట్ దుకాణాలకు ఎవరెవరో వచ్చి, పిల్లల బొమ్మలూ బట్టలూ ఉన్న ఖాతాలు చూపించమని అడిగి, వాటి బాకీలు కట్టేసి వెళ్లారు. చాలామంది మొత్తం కట్టేయకుండా కొన్ని సెంట్లో, ఒకటి రెండు డాలర్లో మిగిల్చారు. బాకీ పూర్తిగా తీరితే దుకాణం లెక్కల్లోంచి ఆ ఖాతా పోతుందని ఆ జాగ్రత్త. ఆ నాలుగు సెంట్లూ చెల్లించి, బొమ్మను తన డబ్బుతోనే విడిపించుకున్నట్టు తల్లి ఇంటికి తీసుకెళ్లింది.

ఫొటోలు వేస్తేనే కదా పదిమందికీ ఇవ్వాలన్న బుద్ధి పుడుతుంది అనేవాళ్లున్నారు. నిజమే, మంచిపని కబురు నలుగురికీ తెలియాలి. కానీ తెలియాల్సింది పని, పుచ్చుకున్నవాళ్ల మొహం కాదు. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ కెప్టెన్ జోసెఫ్ మెక్‌ఫీ 1891లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పేదలకు క్రిస్మస్ భోజనం పెట్టడానికి వీధిలో ఒక కుండ పెట్టి చందాలు పోగుచేశాడు. అప్పటినుంచి ఆ సంస్థకు ఆనవాయితీ అయిన ఎర్రకుండల్లో 1980ల నుంచి అప్పుడప్పుడూ ఎవరో బంగారు నాణేలు వేసిపోతున్నారు. వేసినవాళ్ల పేరు లేకపోయినా ఆ వార్త పత్రికల్లో వస్తూనే ఉంది. ఇక దాత సంతోషం మాటకొస్తే, దానికీ కెమెరా అక్కర్లేదు. 2008లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో కొందరికి ఐదు, కొందరికి ఇరవై డాలర్లు ఇచ్చి, సగం మందిని తమకోసం, సగం మందిని ఇతరుల కోసం ఖర్చుపెట్టమన్నారు. ఇతరుల కోసం ఖర్చుపెట్టినవాళ్లే సాయంత్రానికి ఎక్కువ సంతోషంగా ఉన్నారు, మొత్తం ఎంతన్నది లెక్కలోకి రాలేదు.

రెండో అభ్యంతరం ఇంకా పాతది. డబ్బు చేతికిస్తే తాగేస్తారు, అర్హత విచారించి ఇవ్వాలి అంటారు. అప్పట్లో ప్రపంచ బ్యాంకులో పనిచేసిన డేవిడ్ ఎవాన్స్, అన్నా పొపోవా వివిధ ఖండాల్లో జరిగిన 19 అధ్యయనాలను పరిశీలించారు. పేదలకు నగదు ఇస్తే మద్యం, పొగాకు ఖర్చు పెరుగుతుందన్న వాదానికి వాటిలో బలం దొరకలేదు. ఏ ఒక్కరో తాగొచ్చు. ఆ ఒక్కరి కోసం మిగతా అందరినీ కూర్చోబెట్టి ప్రశ్నలు వేయడం, ఆకలికి పరీక్ష పెట్టడమే.

మూడోది అసలైన అభ్యంతరం. ఏడాదికోసారి పంచే నోట్లతో పేదరికం పోతుందా? పోదు. పింఛను, రేషను, వైద్యం హక్కుగా రావాలి, దయగా కాదు. పండుగ కానుకల సంచుల మీద నాయకుల బొమ్మలు అచ్చేసే అలవాటు కూడా ఆ హక్కును దయగా మార్చే పనే. అయితే హక్కు కోసం పోరాడడానికీ, పొరుగువాడి బాకీ తీర్చడానికీ పోటీ లేదు. అమెరికాలో అప్పులు వసూలు చేసిన ఇద్దరే 2014లో ఆర్‌ఐపీ మెడికల్ డెట్ అనే పేరుతో ఒక సంస్థ పెట్టారు. ఆసుపత్రి బిల్లుల మొండిబాకీలను డాలరుకు కొన్ని సెంట్ల లెక్కన కొని రద్దుచేయడం దాని పని. క్రిస్మస్‌కు చందాలు పోగుచేసి ఆ సంస్థకు ఇచ్చిన చర్చీలు ఉన్నాయి. బాకీ ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టడానికి వీల్లేదు, ఒకరోజు నీ బాకీ పోయిందని ఉత్తరం మాత్రం వస్తుంది. అడుక్కోనక్కర్లేకపోవడమే పండుగకున్న సుగుణం కూడా. అందరూ అందరికీ ఏదో ఒకటి ఇచ్చుకునే రోజుల్లో తీసుకోవడం బిచ్చం అనిపించదు.

గుప్తదానం మనకు కొత్తది కాదు, గుట్టుగా ఇవ్వమని మత్తయి సువార్త ఆరో అధ్యాయమూ చెబుతుంది. మన వీధి కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం ఉంటుంది, మందుల షాపులోనూ ఉంటుంది. ఈ క్రిస్మస్‌కు అందులో ఎవరిదో ఒక చిన్న బాకీ కట్టండి, మీ పేరు చెప్పొద్దని కొట్టువాడికి చెప్పండి, ఎవరిదో మీరూ అడగొద్దు. పత్రికలకూ ఒక మనవి: దాతల పేర్లు వేయండి, దానం వివరాలు రాయండి, తీసుకున్నవాళ్ల ఫొటో మాత్రం మానేయండి.