ఓడలో బాల్కనీ గది ఎవరికి?

సెప్టెంబరు వచ్చిందంటే డల్లాస్, హ్యూస్టన్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. క్రిస్మస్ సెలవులకు క్రూజ్‌కు వెళ్దామా, వద్దా? ఆ వారం పిల్లలకు బడి ఉండదు, ఆఫీసుల్లో పని మందగిస్తుంది. ఏడాదంతా సెలవు అడగడానికి వెనకాడేవాళ్లు కూడా అప్పుడు ధైర్యంగా పెట్టేస్తారు. ఓడకు పూర్తి సొమ్ము సుమారు మూడు నెలల ముందే కట్టాలి కాబట్టి ఇప్పుడే తేల్చుకోవాలి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే చర్చ ఇంకా సాగుతుంది. ఒకరు డబ్బు దండగంటారు, ఇంకొకరు ఏడాదికోసారే కదా అంటారు. పెద్దవాళ్లేమో "మాకెందుకర్రా, మీరు వెళ్లి రండి" అంటారు.

నా మాట సూటిగా చెబుతాను. ఇంట్లో అమ్మానాన్నలు ఉంటే వెళ్లండి. లేకపోతే ఆ వారం వద్దు.

వద్దనేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. ఓడ టిక్కెట్లు మండిపోయే వారాల్లో ఇదొకటి. థాంక్స్‌గివింగ్ వెళ్లాక డిసెంబరు మొదటి పదిహేను రోజుల్లో అదే ఓడ, అదే గది మామూలుగా చాలా చవగ్గా దొరుకుతుంది. జనం సంగతీ అంతే. 2024 జనవరిలో మయామీ రేవు నుంచి తిరగడం మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్ ఓడలో గదికి ఇద్దరి లెక్కన 5,610 మంది పడతారు. అన్ని పడకలూ నిండితే 7,600. మూడో పడకా నాలుగో పడకా నిండేది పిల్లలతో, పిల్లలు వచ్చేది బడి సెలవుల్లో. టిక్కెట్టు మీద కనిపించని ఖర్చులు వేరే ఉన్నాయి. టిప్పుల కింద మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా ఖాతాలో రాసేస్తారు. ఆరుగురు ఏడు రోజులు వెళ్తే అదొక్కటే 670 నుంచి 840 డాలర్ల దాకా. దానికి ఇంటర్‌నెట్, కూల్‌డ్రింకులు, రేవుల్లో టూర్లు కలిస్తే తడిసి మోపెడవుతుంది.

ఇవన్నీ తెలిసీ వెళ్లమంటున్నది ఓడలోని జారుడుబండల కోసం కాదు, కరీబియన్ తీరం కోసమూ కాదు. ఇక్కడికొచ్చిన మన పెద్దవాళ్లు డిసెంబరు ఎలా గడుపుతున్నారో చూస్తున్నాను, అందుకు.

డల్లాస్ పక్క ఫ్రిస్కోలోనో, హ్యూస్టన్ పక్క కేటీలోనో పిల్లలు కొనుక్కున్న ఇల్లు పెద్దదే. కానీ గుమ్మం దిగితే వెళ్లడానికి చోటుండదు. పాలకైనా కారు తీయాలి, కారు నడిపేవాళ్లు ఆఫీసులో ఉంటారు. తెనాలిలోనో సిద్దిపేటలోనో పొద్దున్నే చొక్కా తగిలించుకుని బయటపడి, పేపరు తిరగేసి, టీ కొట్టు దగ్గర నలుగురితో మాట్లాడి ఇంటికి చేరే మనిషి ఇక్కడ సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చుంటాడు. గుడికి వెళ్లాలన్నా, క్షవరం చేయించుకోవాలన్నా "నీకు వీలైతే ఒకసారి దింపుతావా" అని కొడుకుని అడగాలి. డెబ్బై ఏళ్లు ఎవరినీ అడక్కుండా బతికిన మనిషికి అదెంత కష్టమో ఆయన నోరు విప్పి చెప్పడు. అమ్మకు వంటిల్లు ఉంది కాబట్టి ఆమెకు పొద్దుపోతోందనుకుంటాం. పిల్లలకు సెలవులంటే ఆమెకు మూడు పూటలా వంట, మధ్యమధ్య చిరుతిళ్లు. ఆమెకు ఆ వారం సెలవు లేదు సరికదా, ఉన్న పని రెట్టింపవుతుంది.

గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికోలోని కోజుమెల్ వెళ్లే ఓడలో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనను చూశాను. ఎక్కిన రోజు కొడుకు వెనకాలే నడిచాడు. రెండు రోజులు గడిచాక పొద్దున ఆరింటికి పై డెక్కు మీద ఒక్కడే కనిపించాడు. మంకీ క్యాపు, స్వెట్టరు, పంచె కింద కొత్త బూట్లు, మెడలో ఓడవాళ్లిచ్చిన కార్డు. నడక దారి చుట్టి వచ్చి, టీ తనే కలుపుకుని, గోవా నుంచి వచ్చిన ఒక వెయిటరుతో తనకు తెలిసిన హిందీలో మాట్లాడుతున్నాడు. ఆ కార్డే గదికి తాళం. తిండికి వెళ్లినా, పాటలు వినడానికి వెళ్లినా ఎవరూ దింపక్కర్లేదు, ఎవరూ మళ్లీ వచ్చి తీసుకెళ్లక్కర్లేదు. దారి తప్పితే లిఫ్టు దగ్గర ఎవరో ఒకరు చూపిస్తారు. "మా ఆవిడ కింద పియానో వింటోంది, నేనిటొచ్చా" అన్నాడు. కొడుకు ఇంటి గుమ్మం దాటాలంటే కారు కోసం చూసే మనిషి నోట ఆ మాట వింటుంటే, టిక్కెట్టుకు పెట్టిన డబ్బు ఎక్కడికీ పోలేదనిపించింది.

ఈ మేలు జరగాలంటే గదులు ఎంచుకునే రోజే మనసు పెట్టాలి. చాలా ఇళ్లలో దంపతులూ పిల్లలూ బాల్కనీ గది తీసుకుంటారు, పెద్దవాళ్లకు లోపలి గది చూస్తారు. "వాళ్లకు పడుకోవడానికేగా" అంటారు. లోపలి గదికి కిటికీ ఉండదు. దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియదు. మోకాళ్ల నొప్పితో అమ్మ పైకి రాలేని పూట ఆమెకు సముద్రం కనిపించేది బాల్కనీలోంచే. పిల్లలతో తిరిగేవాళ్లు పొద్దున లేచింది మొదలు ఎలాగూ గదిలో ఉండరు. ఒక్క బాల్కనీ గదికే డబ్బు సరిపోతే అది పెద్దవాళ్లకివ్వండి. ఓడ మధ్య భాగంలో, లిఫ్టుకు దగ్గర్లో, కింది అంతస్తులో చూడండి, ఊగుడు తక్కువగా ఉంటుంది.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. రాత్రి షో చూసుకోవడానికి పిల్లల్ని వాళ్ల దగ్గర పడేసి వెళ్లే ఉద్దేశంతో పెద్దల్ని తీసుకెళ్లడం అన్యాయం. పెద్ద ఓడల్లో పిల్లల క్లబ్బులుంటాయి, మూడేళ్లు దాటినవాళ్లను చూసుకుంటారు. వాటిని వాడుకోండి. అమ్మ చేత సముద్రం మీద కూడా ఊడిగం చేయించకండి.

తిండికి బెంగ అక్కర్లేదు. చాలా ఓడల బఫేలో అన్నం, పప్పు, ఏదో ఒక కూర ఉంటాయి. శాకాహారులు మొదటి రాత్రే వెయిటరుతో చెబితే మర్నాటి నుంచి మన తరహా కూర వండించి పెడతారు. ఇంట్లో చేసిన పులిహోర, పచ్చడి మాత్రం ఎక్కనివ్వరు. రైస్ కుక్కర్, ఇస్త్రీపెట్టె కూడా రేవులోనే ఆపేస్తారు.

అసలు చిక్కు కాగితాలది. ఈ ఓడల్లో దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి దేశాల జెండా కింద తిరిగేవి. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఓడ పరాయి రేవు తాకకుండా అమెరికా రేవుల మధ్యే జనాన్ని తిప్పకూడదు. మెక్సికోకో జమైకాకో వెళ్లి రావడం అందుకే. అంటే మనం దేశం దాటి మళ్లీ లోపలికి వస్తున్నట్టే లెక్క. హెచ్-1బీ ఆమోదం చేతిలో ఉన్నా పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరినవాళ్లు మనలో ఎందరో. 30 రోజుల్లోపు మెక్సికో, కెనడా వెళ్లి వస్తే వాళ్లకు ఒక మినహాయింపు ఉంది. ఓడ బహామాస్‌నో జమైకానో తాకితే అది పనికిరాదు. పైగా ఓడవాళ్లు ఎక్కించుకోవడానికే ఒప్పుకోకపోవచ్చు. లాయరును అడక్కుండా బుక్ చేయొద్దు. అమ్మానాన్నల వీసా మళ్లీ ప్రవేశానికి పనికొస్తుందో లేదో, ఓడ తాకే ప్రతి దేశం వాళ్ల నుంచి ఏమడుగుతుందో ముందే చూడండి. తిరిగొచ్చేటప్పుడు వాళ్లకు కొత్తగా ఆరు నెలలు ఇస్తారనే ఆశా పెట్టుకోవద్దు.

స్టాంపింగ్ బెడద ఉన్నవాళ్లకు ఒక దారుంది. ప్రైడ్ ఆఫ్ అమెరికా అనే ఓడ అమెరికా జెండాతో హొనొలులు నుంచి ఏడు రోజులు హవాయి దీవుల చుట్టూనే తిరుగుతుంది. ఏ పరాయి దేశమూ తాకదు. అక్కడిదాకా విమానం ఖర్చు బరువే, కానీ నిద్ర పడుతుంది.

బీపీ, షుగరు మాత్రలు చేతిసంచిలోనే ఉంచండి. పెద్ద పెట్టెలు రేవులో తీసుకుంటే గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. విజిటర్స్ ఇన్సూరెన్సు సముద్రం మీద వర్తిస్తుందో లేదో, పాత జబ్బులకు ఎంతవరకు ఇస్తుందో చదవండి. నడిసముద్రం నుంచి ఆసుపత్రికి తరలించాల్సి వస్తే అయ్యే ఖర్చు ఏ కుటుంబమూ తట్టుకోలేదు. విమానంలో రేవుకు చేరేవాళ్లు ఒక రోజు ముందే వెళ్లాలి. 2022 క్రిస్మస్ మంచు తుపానులో ఒక్క సౌత్‌వెస్ట్ విమాన సంస్థే 16 వేలకు పైగా విమానాలు రద్దు చేసింది. ఓడ ఎవరి కోసమూ ఆగదు.

క్రిస్మస్ మనకు సెలవు మాత్రమే కాదు. మనలో ఎందరికో అది పండుగ. మెదక్ చర్చిని ప్రతిష్ఠించింది 1924 డిసెంబరు 25నే. ఏటా ఆ రోజు ఆ చర్చి మెట్ల మీద నిలబడే జనాన్ని చూసి పెరిగిన తల్లిదండ్రులకు ఓడలో పెట్టే క్రిస్మస్ చెట్టు చాలదు. కొన్ని ఓడల్లో ప్రార్థన ఏర్పాటు చేస్తారు గానీ తెలుగులో పాడుకునే ఆరాధన వేరు. అలాంటి ఇంట్లో 24 రాత్రి, 25 పొద్దున వాళ్ల సంఘంతో గడిపి, 26 తర్వాత బయల్దేరే ఓడ చూడండి.

ఇక పెద్దవాళ్లను అడిగే తీరు. నలుగురి ముందు అడిగితే వాళ్లు ఖర్చు చూసి వద్దనే అంటారు. అమ్మను విడిగా అడగండి, నాన్నను విడిగా అడగండి. ధర చెప్పకండి, ఓడ వీడియో చూపించండి. ఆయనకు సముద్రం అంటే భయమో, ఆమెకు వాంతుల బాధ ఉందో అప్పుడే బయటికొస్తుంది. నిజంగానే వద్దంటే ఆ వారం ఇంట్లోనే ఉండి, వంట మీరు చేసి, రోజూ ఆయన వెళ్లాలన్న చోటికి తీసుకెళ్లండి. అమ్మానాన్నలు ఈ ఏడాది రానివాళ్లు మాత్రం క్రిస్మస్ వారం జోలికి పోకుండా డిసెంబరు 5కో 6కో బయల్దేరే ఓడల ధర చూడండి. నాలుగు రోజులు బడి పోయినా టీచరుతో ముందే మాట్లాడితే సర్దుకుంటుంది.