డబ్బా మీద కుందేలు బొమ్మ

పెల్లెట్ డబ్బా మీద కుందేలు బొమ్మ వేసి, దాని కింద ‘హంటింగ్’ అని అచ్చు కొట్టించినవాడు మీ తుపాకీని ఎన్నడూ చూసి ఉండడు. మీ బారెల్ లోపలి గాడులు ఎంత లోతో, మూతి దగ్గర బిగువు ఎంతో వాడికి తెలియదు. అయినా ‘సూపర్ పవర్’ అనీ, ‘లోతుగా దిగుతుంది’ అనీ ఎర్రటి అక్షరాలతో ఊదరగొడతాడు. కొన్నవాడు ఆ అక్షరాలు నమ్మి, డబ్బా జేబులో వేసుకుని, తెల్లారేసరికి పొలం గట్టు మీద ఉంటాడు. కొనడానికీ కొట్టడానికీ మధ్య చెయ్యాల్సిన పని ఒకటుంది. తన బారెల్‌లోంచి ఆ పెల్లెట్ ఎక్కడికి పోతోందో ముందు కాగితం మీద తేల్చుకోవాలి. ఆ పని ఎగ్గొట్టి ప్రాణి మీద ఎక్కుపెట్టేవాణ్ణి వేటగాడు అనడానికి నాకు నోరు రాదు.

బ్రిటన్ సంగతి తీసుకుందాం. ఎయిర్ రైఫిల్‌తో చిన్న జంతువుల వేట చట్టప్రకారమే సాగే దేశం అది. భూమి యజమాని అనుమతి ఉంటే కుందేళ్లను, బూడిదరంగు ఉడతలను, ఎలుకలను కొట్టవచ్చు. ప్రభుత్వం పెట్టిన షరతులకు లోబడి అడవి పావురాలను కూడా. ఇంగ్లండ్, వేల్స్‌లలో శక్తి 12 ఫుట్-పౌండ్లకు మించని ఎయిర్ రైఫిల్‌కి ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్ అక్కర్లేదు. స్కాట్లండ్‌లో మాత్రం 2016 డిసెంబరు 31 నుంచి దానికీ సర్టిఫికెట్ ఉండాలి. ఆ 12 ఫుట్-పౌండ్లు అంటే సుమారు 16 జౌళ్లు. మామూలు పాయింట్ టూ టూ రిమ్‌ఫైర్ తూటా శక్తిలో ఇది దాదాపు పదో వంతు.

ఈ పదో వంతు దగ్గరే అసలు విషయమంతా ఉంది. పెద్ద తూటాలాగా ఒళ్లంతా అదరగొట్టి చంపే సత్తా పెల్లెట్‌కి లేదు. అది మెదడులోకి దిగితేనే కుందేలు అక్కడికక్కడే పడుతుంది. కంటికీ చెవి మొదలుకీ మధ్య ఉన్న ఆ చోటు సుమారు పాతిక మిల్లీమీటర్లు, అంటే దాదాపు మన రెండు రూపాయల బిళ్లంత. రెండు వేళ్లు కిందికి తగిలితే దవడ విరుగుతుంది. బాగా వెనక్కి తగిలితే పొట్ట చిరుగుతుంది. పొట్టలో దెబ్బ తిన్న కుందేలు వెంటనే చావదు. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ బొరియలో దూరుతుంది. దాన్ని అక్కడికి పంపినవాడు ‘తప్పిపోయింది’ అని చేతులు దులుపుకుని ఇంకో పెల్లెట్ పెట్టుకుంటాడు. తప్పిపోలేదు. తగిలింది. తగలరాని చోట తగిలింది. ఆ మట్టి కింద అది ఎంతసేపు బతికిందో లెక్క రాసుకునేవాడు ఎవడూ లేడు.

ఇప్పుడు కాగితాన్ని కొట్టేవాళ్లను చూడండి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఈ పోటీలోనే. ఆ స్థాయి షూటర్లు డబ్బా మీది బొమ్మ చూసి పెల్లెట్ కొనరు. తల భాగం 4.49 మి.మీ. ఉన్నవి, 4.50 ఉన్నవి, ఒకే కొలతలో వేర్వేరు బ్యాచ్‌లవి విడివిడిగా తమ బారెల్‌తో కాల్చి చూస్తారు. ఏ బ్యాచ్ ఒకే రంధ్రంలో పడుతోందో పట్టుకుని, ఆ బ్యాచ్‌నే మొత్తంగా కొని పెట్టుకుంటారు. గురి తప్పితే వాళ్లకు పోయేది పాయింటులో పదో వంతు. కాగితానికి నెత్తురు రాదు. కాగితం కోసం ఇంత తపన పడుతుంటే, ప్రాణం తీయబోయేవాడు అందులో పిసరంతైనా పడనక్కర్లేదా? ఈ మాట అడిగినప్పుడల్లా ఖర్చు సంగతి ఎత్తుతారు. 500 పెల్లెట్ల డబ్బా ధర ఆ రైఫిల్ మీద బిగించిన స్కోప్ ధరలో ఏ మూలకూ రాదు. నాలుగైదు రకాల డబ్బాలు కొనలేనివాడు వేట మానుకోవచ్చు, వాణ్ణి ఎవరూ బలవంతపెట్టలేదు.

ఇక డబ్బా లోపలికి వద్దాం. పెల్లెట్‌కి ముందు తల, మధ్యలో సన్నటి నడుము, వెనక బోలుగా పల్చటి స్కర్ట్. గాలి వెనకనుంచి తోసినప్పుడు స్కర్ట్ విచ్చుకుని గాడుల్లో బిగుసుకుంటుంది, గాలి పక్కలనుంచి జారిపోకుండా ఆపుతుంది. తల గాడుల మిట్టల మీద ఆనుకుని పెల్లెట్‌ని నిటారుగా నడిపిస్తుంది. బరువు ముందుండి, గాలి నిరోధం వెనక ఉండడంతో ముక్కు దారి తప్పదు. గాడులు పెట్టిన తిరుగుడు దానికి తోడవుతుంది. ఇదంతా నిలబడేది పెల్లెట్ అన్ని వైపులా ఒక్కతీరుగా ఉన్నప్పుడే. తల ఒక మధ్యరేఖలో, స్కర్ట్ ఇంకో మధ్యరేఖలో పోసినట్టుగా తయారైన పెల్లెట్ బయటికి రాగానే ఊగుతూ పోతుంది, దూరం పెరిగేకొద్దీ ఆ ఊగు పెద్దదవుతుంది.

‘వేట పెల్లెట్లు’ అని అమ్మే ముచ్చట్లు ఎక్కువ భాగం ఇక్కడే బోల్తా పడతాయి. సూది మొన పెల్లెట్ చూడడానికి భయంకరంగా ఉంటుంది. మెత్తటి సీసంలో మొనను సరిగ్గా మధ్యలో నిలబెట్టడం కష్టం, నిలబెట్టినా డబ్బాలో ఒకదానికొకటి కొట్టుకుని వంగుతుంది. ముక్కులో గుంట ఉన్న హాలో పాయింట్ లోపలికి వెళ్లి పువ్వులా విచ్చుకుంటుందని బొమ్మ గీసి చూపిస్తారు. 12 ఫుట్-పౌండ్ల రైఫిల్ నుంచి బయల్దేరి వేట దూరం చేరేసరికి అది నమ్మకంగా విచ్చుకునేంత వేగం మిగలదు. మిగిలేదల్లా గాలికి అడ్డుపడే మొద్దు ముక్కు. బల్లపరుపు తల ఉన్నవి కాగితానికి గుండ్రంగా తెగిన రంధ్రం పెడతాయి. పది మీటర్ల పోటీకి అవే సరైనవి, పాతిక మీటర్లకు వాటి నిలకడ చెదిరిపోతుంది. చివరికి మిగిలేది గుండ్రటి తల ఉన్న సాదా పెల్లెట్. డబ్బా మీద దానికి ఏ ఆర్భాటమూ ఉండదు. వేటకు మొదట పరీక్షించవలసింది దాన్నే, నూటికి తొంభై సందర్భాల్లో చివరికి ఉంచుకోవలసిందీ దాన్నే అని నేను గట్టిగా చెబుతాను.

వేగం పేరిట జరిగే మోసం ఇంకా పెద్దది. ‘సెకనుకు 1,200 అడుగులు’ అని రైఫిల్ పెట్టె మీద రాస్తారు. ఆ అంకె రావడానికి సీసం తీసేసి, తేలికైన మిశ్రలోహంతో చేసిన పెల్లెట్ వాడతారు. ధ్వని వేగం సెకనుకు సుమారు 1,125 అడుగులు. ఆ ఛాయలకు చేరిన పెల్లెట్ చుట్టూ గాలి ఒడుదుడుకులకు లోనై, నడుము సన్నటి ఆ ఆకారం నిలకడ కోల్పోతుంది. వెళ్లేది వేగంగానే, ఎక్కడికో మాత్రం చెప్పలేం. పైగా అంత తేలికైనది దూరం పోయేకొద్దీ ఆ వేగాన్నీ తొందరగా పోగొట్టుకుంటుంది. స్ప్రింగ్ రైఫిల్‌లో అయితే పిస్టన్‌కి ఎదురు ఆనిక చాలక లోపల ఢీకొట్టి తుపాకీకీ నష్టమే. 8.44 గ్రెయిన్ల సీసం పెల్లెట్ సెకనుకు 785 అడుగులతో వెళితే పదకొండున్నర ఫుట్-పౌండ్లు వస్తాయి. కుందేలు తలకు అది చాలు, చోటు తప్పకపోతే. పెద్ద పెల్లెట్ మంచిదా చిన్నదా అన్న తగువు కూడా గురి తర్వాతదే.

అసలు తీర్పు చెప్పేది బారెల్. ఒకే కంపెనీ, ఒకే మోడల్, వరస నెంబర్లున్న రెండు రైఫిళ్లు తెచ్చి ఒకే డబ్బాలోంచి కాల్చండి. ఒకటి గుత్తిగా పెడుతుంది, రెండోది చెల్లాచెదురు చేస్తుంది. చెక్ రిపబ్లిక్‌లోని బొహుమీన్‌లో తయారయ్యే జేఎస్‌బీ ఎగ్జాక్ట్ పెల్లెట్లు 4.51, 4.52, 4.53 మి.మీ. వంటి తల కొలతల్లో వస్తాయి. తేడా మిల్లీమీటరులో నూరో వంతు. కంటికి కనబడని ఆ తేడాని బారెల్ గుర్తిస్తుంది. తల వదులైతే పెల్లెట్ గాడుల్లో కదులుతుంది, మరీ బిగువైతే ఒక్కో దెబ్బకు వేగం ఒక్కోలా వస్తుంది. స్నేహితుడి రైఫిల్‌కి నప్పిందని అదే కొనేవాడు తన రైఫిల్‌ని అడగకుండానే జవాబు రాసేస్తున్నాడు. నాకు తెలిసిన ఒక దుకాణదారు తల కొలత సంగతి అడిగితే ‘ఏదైనా పడుతుంది, తీసుకోండి’ అన్నాడు. బారెల్‌లో పట్టడమే చాలనుకునేవాడు ఈ సరుకు అమ్మకూడదు.

పరీక్ష ఎలా చెయ్యాలో చెబుతాను, ఎందుకంటే ‘చూశాను, బాగానే కొడుతోంది’ అనేవాళ్లలో చాలామంది చూసింది సున్నా. ముందు డబ్బాని తెల్లగుడ్డ మీద ఒలకబోయండి. నల్లటి సీసపు పొడి రాలుతుంది, అక్కడక్కడా వెంట్రుకలాంటి సీసపు రజను మెరుస్తుంది. వెలుతురు పక్కనుంచి పడేలా ఒక్కొక్కటీ తిప్పి స్కర్ట్ చూడండి. గుండ్రటి అంచు ఒకవైపు నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చినవి దొరుకుతాయి. అద్దం మీద దొర్లిస్తే అవి తూలుతాయి. అవతల పారెయ్యండి. జేబులో విడిగా పోసుకుని తిరిగేవాడు ఇలాంటివాటిని తనే తయారు చేసుకుంటున్నాడు. చేతులు కడుక్కోండి, అది సీసం.

తర్వాత గాలి కదలని పొద్దున, బల్ల మీద ఇసుక సంచి ఆనించి కాల్చండి. రకం మార్చినప్పుడల్లా మొదటి పాతిక ముప్పై దెబ్బలు లెక్కలోకి తీసుకోకండి. కొత్త సీసానికి బారెల్ అలవాటు పడాలి. దూరం మీరు పొలంలో కొట్టే దూరమే ఉండాలి. పది మీటర్ల దగ్గర అన్ని పెల్లెట్లూ మంచివే, ముప్పై దగ్గర గుట్టు బయటపడుతుంది. ఇక మూడు దెబ్బలు కొట్టి, అవి దగ్గరగా పడితే ఫొటో తీసి చూపించుకునే అలవాటుంది చూడండి, అది నాకు ఒళ్లు మండించే విషయం. ఒకే రైఫిల్, ఒకే పెల్లెట్, అదే మనిషి కొట్టినా పది దెబ్బల గ్రూప్ (కాగితం మీద రంధ్రాల గుంపు) మూడు దెబ్బల గ్రూప్ కన్నా సగటున ఒకటిన్నర రెట్లు వెడల్పుగా వస్తుంది. కుందేలుకి తగిలేది ఆ పదింటిలో ఏదైనా కావచ్చు. పది కొట్టండి, పక్కకు పడ్డదాన్ని ‘నా చెయ్యి కదిలింది’ అని కొట్టెయ్యకండి, బయటి అంచులనుంచి కొలిచి ఒక పెల్లెట్ వెడల్పు తీసెయ్యండి. బల్ల మీద ఆ గ్రూప్ వెడల్పు పదిహేను మిల్లీమీటర్లు దాటితే ఆ దూరంలో ఆ పెల్లెట్ వేటకు పనికిరాదని నా తీర్పు. పొలంలో మోకాలి మీద కూర్చుని, రొప్పుతూ కొట్టేటప్పుడు గ్రూప్ ఇంకా పెరుగుతుంది తప్ప తగ్గదు. దగ్గరికి వెళ్లగలిగితే వెళ్లాలి, లేదా తుపాకీ దించాలి.

‘కాగితం వేరు, వేట వేరు, వేటకు శక్తి కావాలి’ అని వాదించేవాళ్లకు ఒకే మాట. పది జౌళ్లతో మెదడులో తగిలినది చంపుతుంది. పదహారు జౌళ్లతో పొట్టలో తగిలినది హింసిస్తుంది.

మన దగ్గర ఈ ‘హంటింగ్’ డబ్బాలకు అసలు చోటే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. మన చెలకల్లో తిరిగే కుందేలుకీ ఆ చట్టం రక్ష ఉంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌళ్లు గానీ 4.5 మి.మీ. గానీ దాటిన ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు కావాలి. దానికి లోబడినది లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు కదా అని కొంగలనూ పావురాలనూ కొట్టే హక్కు వచ్చిందనుకునే పెద్దమనుషులున్నారు. రాలేదు. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ఎయిర్ గన్‌లు అప్పగించే ఉద్యమం మొదలైతే, వేట తరతరాల అలవాటుగా ఉన్న కుటుంబాలవాళ్లే స్వచ్ఛందంగా తెచ్చి ఇచ్చేశారు. మన ఊళ్లలో సరదాకి పిట్టల్ని కొట్టేవాడికి ఆ మాత్రం సాకు కూడా లేదు. వేట నేరమైన దేశంలో జంతువు బొమ్మతో, ‘హంటింగ్’ పేరుతో పెల్లెట్లు అమ్మడం ఆపించాలి. తెలుగు రాష్ట్రాల్లో పెల్లెట్‌కి ఉన్న ఒకే ఒక్క న్యాయమైన గమ్యం కాగితపు టార్గెట్.

బ్రిటన్‌లోనో, వేట అనుమతించే మరో చోటో ఉండి ఎయిర్ రైఫిల్ చేతబట్టే తెలుగువాళ్లకు నేను చెప్పేది ఇంకొకటుంది. తల కొలత, బ్యాచ్ నెంబరు అచ్చు వెయ్యని డబ్బాని దుకాణంలోనే వదిలెయ్యండి. నాలుగైదు రకాలు కొద్దికొద్దిగా కలిపి ఇచ్చే శాంపిల్ ప్యాక్‌లు అడగండి. లేవంటే అవి దొరికే దుకాణానికి వెళ్లండి. తేలిన పెల్లెట్‌ని ఒకే బ్యాచ్‌లో చాలినన్ని డబ్బాలు కొనండి. ఆ బ్యాచ్ అయిపోయి కొత్తది తెరిచారా, పేరు అదే అయినా, కొలత అదే అయినా, మళ్లీ బల్ల, మళ్లీ ఇసుక సంచి, మళ్లీ పది దెబ్బలు. అది తేలేదాకా పొలం వైపు వెళ్లకండి.