ఆవేదనకూ సనదు కావాలి

సెప్టెంబరు నెల వచ్చిందంటే తెలంగాణలోని ముస్లిం కుటుంబాల్లో పెద్దలు ‘పోలీస్ యాక్షన్’ ముచ్చట తీస్తారు. 1948లో ఫలానా ఊళ్లో ఏం జరిగిందో, ఎవరు ఎలా బతికి బయటపడ్డారో చెబుతారు. మేమూ చిన్ననాట ఆ మాటలు విన్నవారమే. అయితే ఒక ఇంట వేలమంది పోయారంటారు, మరో ఇంట లక్షలంటారు. రజాకార్ల ప్రస్తావన వస్తే చాలామంది మాట మార్చేస్తారు. ఆధారమేమిటని పిల్లవాడు అడిగితే “మా అబ్బాజాన్ చెప్పారు” అన్నదే జవాబు.

ఆధారమేమిటన్న ఆ ప్రశ్నకే జీవితాన్ని వెచ్చించిన విద్వాంసుడు అబ్దుల్ గఫూర్ నూరానీ. ఏ.జి. నూరానీగా ప్రసిద్ధులు. 1930 సెప్టెంబరు 16న బొంబాయిలో జన్మించి, అక్కడే న్యాయశాస్త్రం చదివి, బొంబాయి హైకోర్టులోనూ సుప్రీంకోర్టులోనూ న్యాయవాదిగా పనిచేశారు. రాజ్యాంగంపైనా చరిత్రపైనా ఎన్నో గ్రంథాలు, లెక్కకు మించిన వ్యాసాలు రాశారు. 2024 ఆగస్టు 29న 93 ఏళ్ల వయసులో ఆ నగరంలోనే కన్నుమూశారు.

ఆయన ముస్లిముల విషయాలే రాశారనుకుంటే పొరపాటు. 1996లో వెలువడిన గ్రంథంలో భగత్ సింగ్ కేసును పరిశీలించారు. 1930లో వైస్రాయి ఆర్డినెన్సుతో ప్రత్యేక ట్రిబ్యునల్‌ను నియమించడం, హైకోర్టుకు అప్పీలు దారి మూసివేయడం, నిందితులు లేకుండానే విచారణ సాగించడం - వీటన్నిటినీ రికార్డుల నుంచి ఎత్తి చూపారు. అన్యాయం ఎవరికి జరిగినా ఆయన కొలబద్ద ఒక్కటే.

370వ అధికరణంపై 2011లో ప్రచురించిన గ్రంథానిదీ అదే పద్ధతి. అధికరణం పేరు అలాగే ఉంచి, 1954 నుంచి రాష్ట్రపతి ఉత్తర్వుల ద్వారా అందులోని సారాన్ని ఎలా హరించారో పత్రాలతో సహా వివరించారు. జమ్మూ కాశ్మీర్ రాజ్యాంగ సభ ముగిశాక అలాంటి అధికారం మిగలలేదన్నది ఆయన వాదన. 2019 ఆగస్టులో కేంద్రం ఆ ప్రత్యేక ప్రతిపత్తిని తొలగించగా, 2023 డిసెంబరు 11న సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. ఆయన వాదన నెగ్గలేదు. కానీ ఆయన పోగుచేసిన పత్రాలు రేపటి విద్యార్థికి మిగిలాయి.

ఇక మన హైదరాబాద్ సంగతి. సంస్థాన పతనంపై ఆయన ఆంగ్ల గ్రంథం 2013లో వచ్చింది. సైనిక చర్య తరువాత 1948 చివర, నెహ్రూ ప్రభుత్వం పంపగా పండిత్ సుందర్‌లాల్, ‘పయామ్’ ఉర్దూ పత్రిక స్థాపకుడు ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు జిల్లాలు తిరిగి నివేదిక సమర్పించారు. తక్కువలో తక్కువగా లెక్కించినా 27 వేల నుంచి 40 వేలమంది ప్రాణాలు పోయాయని వారి అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా నష్టపోయాయి. నల్లగొండ, మెదక్ పేర్లూ అందులో ఉన్నాయి. ప్రభుత్వం దశాబ్దాలపాటు ప్రచురించని ఆ నివేదికను నూరానీ తన గ్రంథంలో అనుబంధంగా ముద్రించారు.

గమనించవలసిన సంగతి మరొకటుంది. రజాకార్ల దురాగతాలనూ ఆ నివేదిక దాచలేదు, ముస్లిములను కాపాడిన హిందువుల మేలునూ మరువలేదు. నూరానీ కూడా ఖాసిం రజ్వీని వెనకేసుకు రాలేదు, నిజాం మొండిపట్టును సమర్థించలేదు. మనకు నచ్చిన పేజీలు చదివి తక్కినవి మడిచిపెడితే ఆయనను చదివినట్లు కాదు. సాక్ష్యం మనకు వ్యతిరేకమైనా దాచరాదన్నది మన ధర్మం నేర్పినదే కదా!

మదర్సాలో హదీసు పాఠం మొదలుపెట్టగానే మా ఉస్తాద్ సనదు అడిగేవారు. ఈ మాట ఎవరు ఎవరి నుంచి విన్నారు? ఉల్లేఖించినవాడు నమ్మదగినవాడేనా? మాట ఎంత మంచిదైనా ఆ గొలుసులో ఒక కడియం తెగితే బలహీనమని రాసుకునేవారం. నూరానీ తన గ్రంథాల్లో ఇచ్చిన ఆధారాలు చూస్తే మాకు ఆ పాఠమే గుర్తుకొస్తుంది. అదే మనం నేడు ఫోనులో వచ్చిన ప్రతి సందేశాన్నీ సనదు అడగకుండా పదిమందికి పంపిస్తున్నాం. అందులో ఒక్క అంకె తప్పని తేలితే, నిజంగా చనిపోయినవారి గోడు కూడా అబద్ధమైపోతుంది.

సర్దార్ పటేల్ విషయంలో నూరానీ తీర్పు కఠినమైనదనేవారు ఉన్నారు. అది కాదనవచ్చు, తప్పులేదు. కాదనడానికీ కాగితం చూపాలి, అంతే.

ఆ మధ్య ఒక యువకుడు తన దాదాజాన్ నాటి ఉర్దూ కాగితాల కట్ట చదివి పెట్టమని మా వద్దకు తెచ్చాడు. ఇంటి పట్టా, అదాలత్ తీర్పు నకలు, ఒక మసీదుకిచ్చిన వక్ఫ్ పత్రం అందులో ఉన్నాయి. అంతకుముందే సగం కట్ట పాత కాగితాలవాడికి తూకానికి పోయిందట! ఆ లిపి చదవగలిగిన తరం తరిగిపోతోంది. వారు పోయాక పెట్టె తెరిచినా ప్రయోజనముండదు. పెద్దలు జీవించి ఉండగానే వారి పక్కన కూర్చోండి. విన్నది పేరు, ఊరు, తేదీతో సహా రాసి ఉంచండి. పిల్లల్లో ఒకరినైనా న్యాయశాస్త్రమో చరిత్రో చదివించండి.