చలిదేశంలో చెలిమి

చలి దేశాల మనుషులు కూడా చల్లగానే ఉంటారని, నవ్వరని, పలకరించరని మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. మనం వెచ్చని దేశం వాళ్ళం కాబట్టి స్నేహం మన రక్తంలోనే ఉందని గర్వంగా చెప్పుకుంటాం కూడా. ఈ రెండూ సగం నిజాలేనని నా అభిప్రాయం. స్నేహం వాతావరణాన్ని బట్టీ రాదు, రక్తాన్ని బట్టీ రాదు. నలుగురు కలవడానికి ఒక చోటు, కలిసి చేయడానికి ఒక పని, కాస్త తీరిక ఉంటే అది పుడుతుంది. ఈ మూడింటినీ ఎవరో ఒకరు పూనుకుని ఏర్పాటు చేయాలి. డెన్మార్క్‌కు కాపురం మార్చిన ఒక విదేశీ దంపతుల అనుభవం చదివాక నాకు ఈ సంగతి మరింత స్పష్టమైంది.

2013 జనవరిలో హెలెన్ రస్సెల్ అనే ఇంగ్లీషు జర్నలిస్టు, ఆమె భర్త లండన్ వదిలి డెన్మార్క్‌లోని జట్లాండ్ ప్రాంతానికి వెళ్ళారు. అక్కడి బిల్లుండ్ ఊళ్ళో పిల్లల బొమ్మలు తయారుచేసే లెగో కంపెనీలో ఆయనకు ఉద్యోగం వచ్చింది. ఆమె లండన్‌లో చేస్తున్న ఉద్యోగం మానుకున్నారు. భాష రాదు, బంధువులు లేరు, తెలిసిన ముఖం లేదు. ఒక్క ఏడాది ఉండి చూద్దామని వెళ్ళినవాళ్ళు ఆ ఏడాది గడిచాక కూడా అక్కడే ఉండిపోయారు. ఆ అనుభవాలతో ఆమె 2015లో 'ది ఇయర్ ఆఫ్ లివింగ్ డేనిష్లీ' అనే పుస్తకం రాశారు.

వాళ్ళు దిగింది నడి చలికాలంలో. డెన్మార్క్‌లో ఆ రోజుల్లో పగలు ఏడెనిమిది గంటలే ఉంటుంది. ఉదయం ఎనిమిదిన్నర దాటితే గానీ సూర్యుడు కనిపించడు, సాయంత్రం నాలుగింటికల్లా పొద్దు గూకుతుంది. మన హైదరాబాదులో డిసెంబరులో కూడా పగలు పదకొండు గంటలు ఉంటుంది. మనం సినిమాల్లో చూసినంత మంచు అక్కడ ఉండదు. సున్నా డిగ్రీల దగ్గర తచ్చాడే చలి, ముసురు, ఎముకలు కొరికే సముద్రపు గాలి ఉంటాయి. లండన్ రద్దీకి అలవాటుపడ్డ ఆమెకు ఆ వీధుల్లో మనుషులే కనిపించలేదు. అందరూ ఎక్కడికి పోయారన్నది ఆమెకు మొదట వచ్చిన ప్రశ్న.

వాళ్ళు ఎక్కడికీ పోలేదు, ఇళ్ళలోనే ఉన్నారు. కొవ్వొత్తులు వెలిగించుకుని, కాఫీ, కేకు ముందు పెట్టుకుని, తమవాళ్ళతో కబుర్లు చెప్పుకుంటున్నారు. డేన్లు దీన్ని 'హ్యూగ' అంటారు. మన భాషలో ఒక్క మాటలో చెప్పలేం గానీ, కరెంటు పోయిన రాత్రి హాస్టల్ వరండాలో ఒక్క లాంతరు చుట్టూ చేరి వేయించిన వేరుశనగకాయలు తింటూ కథలు చెప్పుకున్నవాళ్ళకు అదేమిటో తెలుసు.

అయితే ఆ వెచ్చదనం మూసిన తలుపుల వెనక ఉంటుంది. డేనిష్ పిల్లలు సాధారణంగా బడిలో చేరింది మొదలు తొమ్మిది, పదేళ్ళు ఒకే తరగతి పిల్లలతో కలిసి చదువుతారు. చాలామందికి ఆ స్నేహాలే చివరిదాకా ఉంటాయి. ముప్పై ఏళ్ళ వయసులో వచ్చినవాళ్ళకు ఆ గుంపులో చోటు దొరకడం కష్టం. అందులో ద్వేషం ఏమీ లేదు, వాళ్ళ కుర్చీలు అప్పటికే నిండిపోయాయి. విదేశాల్లో ఉండేవాళ్ళను అడిగి జరిపే ఇంటర్‌నేషన్స్ సర్వేల్లో స్నేహితులు దొరికే విషయంలో ఉత్తర ఐరోపా దేశాలు తరచూ అట్టడుగునే కనిపిస్తాయి. పక్కనున్న స్వీడన్‌లో, ఉత్తరాన లులియో పట్టణ పాలక సంస్థ 2023లో ఎదురుపడ్డవాళ్ళకు హలో చెప్పండంటూ ప్రచారమే చేపట్టవలసి వచ్చింది. మరోపక్క 2012, 2013, 2016 సంవత్సరాల ప్రపంచ ఆనంద నివేదికల్లో మొదటి స్థానం డెన్మార్క్‌దే. ఈ రెండు విషయాలూ ఒకే చోట ఎలా నిజమయ్యాయి?

దీనికి జవాబు అక్కడి సంఘాల్లో ఉంది. డెన్మార్క్‌లో సాధారణంగా వారానికి 37 గంటల పని. సాయంత్రం మిగిలిన తీరికలో ఒకరు పాటల బృందానికి, ఒకరు ఈతకు, ఒకరు హ్యాండ్‌బాల్‌కు, ఒకరు కుట్టుపనికి పోతారు. ఆ సంఘాలకు గదులు, మైదానాలు, కొంత డబ్బు సమకూర్చవలసిన బాధ్యతను చట్టం మున్సిపాలిటీల మీద పెట్టింది. ఇంటి తలుపు మూసి ఉన్నా సంఘం తలుపు తెరిచి ఉంటుంది. భాష రాకపోయినా బంతి విసరవచ్చు, పాట అందుకోవచ్చు. మొదటి వారం ఎవరూ మాట్లాడరు. నాలుగో వారం పేరు అడుగుతారు. చలికాలం ముగిసేసరికి ఎవరో ఒకరు ఇంటికి పిలుస్తారు. కొత్తవాళ్ళు చేయవలసిందల్లా వచ్చే మంగళవారం కూడా వెళ్ళడమే.

ఈ ఏర్పాటు వెనక మన హాస్టల్ పిల్లలు ముఖ్యంగా తెలుసుకోవలసిన చరిత్ర ఒకటుంది. గ్రుండ్‌విగ్ అనే మతబోధకుడు, కవి, లాటిన్ చదువుల పండితులకే విద్య పరిమితం కాకూడదని, రైతుబిడ్డలకూ బడి కావాలని వాదించాడు. ఆయన ఆలోచనతో 1844 నవంబరులో రోడింగ్ అనే ఊళ్ళో మొదటి జానపద పాఠశాల మొదలైంది. చలికాలంలో పొలం పని ఉండదు కాబట్టి యువకులు ఆ నెలల్లోనే వచ్చి, అక్కడే ఉండి, కలిసి తిని, కలిసి పాడి, చదువుకునేవారు. 1851లో ర్యుస్లింగె ఊళ్ళో ఇలాంటి బడి పెట్టిన క్రిస్టెన్ కోల్డ్ చెప్పులు కుట్టేవాని కొడుకు. ఆయన తన విద్యార్థులతోపాటు ఒకే అటక మీద పడుకునేవాడు. ఒక్క మాటలో చెప్పాలంటే అది హాస్టలే. ఆ దేశంలో పేద రైతులు సహకార సంఘాలు పెట్టుకుని తలెత్తుకోవడంలో ఈ బడుల పాత్ర ఎంతో ఉంది. చీకటి నెలలను వృథా పోనివ్వకుండా మనుషులను కలిపే నెలలుగా మార్చుకున్నారు.

ఇదంతా చదివి డెన్మార్క్‌ను స్వర్గమనుకోవద్దు. హెలెన్ దంపతులు తెల్లవాళ్ళు, చేతిలో మంచి ఉద్యోగం పెట్టుకుని వెళ్ళినవాళ్ళు. అదే దేశంలో 2018లో తెచ్చిన చట్టాలు కొన్ని పేటలకు 'ఘెట్టో' అని ముద్ర వేశాయి. అందుకు పెట్టిన కొలతల్లో 'పాశ్చాత్యేతర' మూలాలున్న జనం సగానికి మించి ఉండటం ఒకటి. 2021లో ఆ పేరు మార్చారు గానీ కొలత మారలేదు. మనిషి పుట్టుకను బట్టి పేటకు పేరు పెట్టే పద్ధతి ఎలా ఉంటుందో ఊరి చివర పుట్టిన మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. తలుపులు అందరికీ ఒకేలా తెరుచుకోవు. అందుకే తెరిచి ఉంచే ఏర్పాటు ఇంకా అవసరం.

ఇక మన సంగతి. పరదేశి కావడానికి విమానం ఎక్కనక్కర్లేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. పీజీ కోసం నగరానికి వచ్చి అద్దె గది అడిగితే, పేరు తర్వాత వచ్చిన ప్రశ్న "మీరేమిట్లు?" అన్నదే. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఫారం ఎలా నింపాలో ఇంట్లో అడగడానికి ఎవరూ లేరు. చెప్పింది హాస్టల్ సీనియర్లే. వాళ్ళ మంచితనం గొప్పదే గానీ, ఆ మంచితనం మీదే అంతా ఆధారపడకూడదని నేనంటాను. మంచి సీనియర్ దొరకని పిల్లవాడి గతేమిటి? దసరా సెలవులకు ఇంటికి వెళ్ళి మళ్ళీ రాని పిల్లలను మనమంతా చూశాం. కొందరిని కూలి పని ఆపేసింది. కొందరు మాత్రం ఇక్కడ తమను పలకరించినవాళ్ళు లేకే ఆగిపోయారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కొత్తగా చేరిన ప్రతి బోర్డరుకూ మొదటి మూడు నెలలు ఒక సీనియర్ తోడుండాలని మీ హాస్టల్లో నియమం పెట్టుకోండి. వారానికి ఒక సాయంత్రం స్టడీ అవర్ ముందు ఒక గంట పాటకో, కబడ్డీకో, పేపరు చదివి చర్చించుకోవడానికో కేటాయించమని వార్డెన్ గారిని అడగండి. అన్నలూ, అక్కలూ! వార్షికోత్సవానికి వచ్చి శాలువా కప్పించుకుని వెళ్ళడంతో మన బాధ్యత తీరదు. హైదరాబాదులో, విశాఖలో, బెంగళూరులో ఉన్నవాళ్ళం మన పేరు, ఫోన్ నంబరు హాస్టల్ ఆఫీసులో ఇచ్చి వెళదాం. నగరానికి కొత్తగా వచ్చే పిల్లవాడికి మొదటి రాత్రి పడుకోవడానికి చోటు, మొదటి వారం భోజనం మన దగ్గర దొరకాలి. ఇందుకు జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. వచ్చే సంచికలో ఎంతమంది పేర్లు ఇచ్చారో ఆ లెక్క అచ్చువేయాలని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను.