తల్లికొక మంచము

మేడ్చల్ గ్రామములలో షేర్ ఇండియా వారు 2009 మొదలు యువతులను గర్భము దాల్చకముందే గాని, తొలి నెలలలోనే గాని చేర్చుకొని వారి కాన్పులను, బిడ్డలను పరిశీలించుచు పరిశోధన సాగించిరి. పల్లె స్త్రీలు విజ్ఞానమున కొసగిన యీ సహకారమునకు ప్రతిఫల మేమి? విజ్ఞానము నిర్ధారించిన చికిత్స వారి బిడ్డలకు అందుటయే.

నెలలు నిండని శిశువును తల్లి యెదపై నానించి, చనుబాలే యిచ్చి పెంచు పద్ధతి 1978లో బొగోటా నగరమున పుట్టినది. మనదేశముతో సహా అయిదు దేశములలో 3,211 మంది శిశువులపై ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని పరీక్షించి 2021లో ఫలితములు ప్రకటించినది. బిడ్డ స్తిమితపడువరకు వేచిన పక్షమున 28 దినములలో నూటికి 15.7 మంది మరణింపగా, పుట్టిన వెంటనే యెదకు జేర్చిన పక్షమున 12 మందియే మరణించిరి. అంటుదోషము సోకునను భయమునకును తావులేదు. అట్టి యనుమానము కలిగిన శిశువులును తగ్గిరి.

యంత్రములు వలదని మా వాదము కాదు. యంత్రము చెంతనే తల్లికిని చోటుండవలెను. శామీర్‌పేట చెంత జీనోమ్ వ్యాలీలో టీకాల కర్మాగారములకు ఎకరములకొలది నేల దొరకినది. శిశురక్షణ గదిలో తల్లికొక మంచము పట్టు చోటు దొరకదా? ప్రభుత్వమువారు యోచింతురుగాక.